సూది కాదు

ఆడవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం. మధ్యాహ్నం మూడున్నర. మంచం మీద తుంటి ఎముకకు ఆపరేషన్ అయిన ముసలావిడ; పక్కన స్టూలు మీద, ఒళ్లో జామెట్రీ బాక్సుతో మనవరాలు; ఎదురుగా కాగితాల అట్ట పట్టుకుని నర్సు.

“కళ్లజోడు ఉందా?”

“ఉందక్కా. సొరుగులో.”

“సొరుగుకెందుకమ్మా కళ్లజోడు? ముక్కుకి పెట్టు. ఆఁ, అలా. పాపం, రెప్పలు కూడా సరిగ్గా ఎత్తలేకపోతోంది. పొద్దుటినుంచి ఏమైనా తాగిందా?”

“రెండు చెంచాల నీళ్లు. పొలమారింది. మళ్లీ ఇవ్వాలంటే భయమేసింది.”

“భయపడటమే మంచిది. చేతులు చూడు, కొయ్యల్లా ఎలా బిగుసుకున్నాయో. కుదురుగా ఉండాలని ఇస్తున్న ఆ మందు వల్లే.”

“మరి మందు ఆపేయొచ్చు కదక్కా?”

“నేను ఆపితే ఆగదు. నాలుగింటికి డాక్టరుగారు వస్తారు. మీ నాన్నగారూ వస్తారుగా? ఇంకా కుదుటపడలేదంటే మోతాదు పెంచుతారు, ఇంటికి కూడా బిళ్లలు రాసిచ్చి పంపుతారు. ఈ కాగితం అందుకే. మందు మొదలుపెట్టకముందే అడగాల్సిన ప్రశ్నలు ఇవన్నీ. రెండు రోజులు ఆలస్యంగా అడుగుతున్నాను. సరే, ఇంట్లో ఎలా ఉండేది? మతిమరుపు ఉందా?”

“నానమ్మకా? మా వీధిలో ఎవరి భుజం కొలత ఎంతో నోటికి చెప్పేస్తుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్లవి కూడా.”

“కుట్టుపనా?”

“నలభై ఏళ్లు. నా స్కూలు బట్టలన్నీ తనే కుట్టింది.”

“అదే, మీ నాన్నగారు చెప్పారు. దుప్పటంతా తడుముతోంది, సూది పడిపోయిందనుకుంటోంది అని. నొప్పి ఉందంటోందా?”

“అడిగితే చెప్పట్లేదు.”

“నిద్ర?”

“పగలంతా మగతగా ఉంటోంది. చీకటి పడితే కేకలు.”

“చెవులు?”

“ఏంటక్కా?”

“చెవులమ్మా. బాగా వినపడతాయా?”

“వినపడతాయి. అంటే, వయసుకి తగ్గట్టు.”

“డెబ్బై ఎనిమిదికి తగ్గట్టా, నీ పదహారుకి తగ్గట్టా?”

“కొంచెం గట్టిగా మాట్లాడాలి.”

“మిషన్ ఉందా?”

“కుట్టు మిషనా?”

“చెవి మిషను. నాతో వేళాకోళమా?”

“కాదక్కా. నాన్న చెప్పారు కదా డాక్టరుగారికి, ఎక్కడో పోయిందని.”

“మీ నాన్నగారు చెప్పింది నేనూ విన్నాను. నిన్నడుగుతున్నాను.”

“నాకు లెక్కల పరీక్ష ఉందక్కా. సోమవారం.”

“దానికీ దీనికీ ఏం సంబంధం?”

“ఏం లేదు.”

“ఈ పెన్ను కూడా ఇప్పుడే ఆగాలా. ఆ బాక్సులోంచి ఒకటి తీసివ్వు.”

“నా పెన్నూ రాయదక్కా.”

“పెన్సిలు?”

“మొన విరిగింది.”

“పరీక్షకి బాగానే తయారవుతున్నావు, ఒక్కటీ రాయదు. వద్దులే, విదిలిస్తే ఇదే వచ్చింది. పిచ్చుక అంటే నువ్వే కదూ?”

“ఊఁ.”

“మొన్న పొద్దున నేను డ్యూటీకొచ్చేసరికి వార్డంతా ఈవిడ గొంతే. పిచ్చుకా తిన్నావా, పిచ్చుకా ఇలా రా, పిచ్చుకా ఆ నర్సమ్మ చొక్కాకి కాలరు తప్పు కుట్టారు చూడు. నా కాలరు సంగతి అప్పటిదాకా నాకే తెలియదు. అంత కబుర్ల మనిషి సాయంత్రమయ్యేసరికి రక్తం తీయడానికి వచ్చినతన్ని ఒక్క తోపు తోసింది. ట్రే ఎగిరి అక్కడ పడింది.”

“ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లకి అలా అవుతుందన్నారు కదా డాక్టరుగారు. మామూలేనని.”

“అవుతుంది. చాలామందికి అవుతుంది. వెతికితే ఒక్కోసారి కారణం దొరుకుతుంది, ఒక్కోసారి దొరకదు. సరే, రాసేస్తున్నాను. చెవి మిషన్ పోగొట్టుకుంది. సూది కోసం దుప్పటి తడుముతోంది, భ్రమ. ఇంతే కదా?”

“ఊఁ.”

“కింద సంతకం పెట్టేయనా?”

“సూది కాదక్కా.”

“ఏమిటి?”

“తను వెతికేది సూది కాదు. ముందు చెవి తడుముకుంటుంది. తర్వాత దిండు కింద. తర్వాత దుప్పటి. మళ్లీ చెవి.”

“ఇది ఎప్పటినుంచి చూస్తున్నావు?”

“మొన్నటినుంచి.”

“మొన్నటినుంచి చూస్తూ నోరు మూసుకుని...”

“నా దగ్గరే ఉందక్కా.”

“ఏది?”

“బాక్సులో.”

“తెరువు. అయ్యో, కంపాసు ముల్లు పక్కన పడుకోబెట్టావా దీన్ని?”

“పాడు చేయలేదు. ఆ బుల్లి తలుపు తీసి ఉంచాను, బ్యాటరీ అయిపోకుండా.”

“జాగ్రత్తకేం తక్కువ లేదు. ఎందుకు తీశావమ్మా?”

“మాట్లాడుతూనే ఉందక్కా. ఒక్క లెక్క పూర్తిచేయనివ్వదు. కాగితం తిప్పిన చప్పుడైతే చాలు, ఏం చదువుతున్నావంటుంది. ఎక్స్ విలువ కనుక్కోవాలి నానమ్మా అంటే, అసలు దాన్ని దాచిందెవరు, వాళ్లనే అడగరాదూ అంటుంది. నాకు నవ్వొస్తుంది, లెక్క పోతుంది. మధ్యాహ్నం కునుకు పడితే మెల్లగా తీశాను. గంటసేపే అనుకున్నాను. ఒట్టు, గంటే.”

“లేచాక?”

“పిలిచింది. పలికాను. వినపడలేదు. పోనీలే, ఇంకా రెండు లెక్కలే కదా అనుకున్నాను. ఈలోపు రక్తం తీసే ఆయన పక్కనుంచి వచ్చి చేయి పట్టుకున్నాడు. ఎవరో, ఎందుకో తనకి తెలియదు కదా. హడలిపోయింది.”

“అప్పుడైనా పెట్టాల్సింది.”

“పెట్టబోయాను. నా చేయి కూడా తోసేసింది. అందరూ పరుగెత్తుకొచ్చారు. నాన్న వచ్చారు. ఈవిడకి వినపడుతుందా అని డాక్టరుగారు అడిగారు. మిషన్ ఎక్కడో పారేసినట్టుంది అన్నారు నాన్న. నేను...”

“నువ్వు?”

“లెక్క చేస్తున్నట్టు తల దించుకున్నాను. తిట్టక్కా.”

“ఏ నోటితో తిట్టను? మొదటి ఇంజక్షన్ ఇచ్చింది నేను. చేతులు పట్టుకున్నది మీ నాన్న. ఏమంటున్నారు, కాస్త గట్టిగా చెప్పండమ్మా, గట్టిగా చెప్పండమ్మా అంటూనే ఉంది ఆవిడ. నా చెవులు బాగానే ఉన్నాయి, ఆ మాట విన్నాను. విని కూడా ఇచ్చాను. నాకింకా పదకొండు మంచాలున్నాయి, ఈ మంచం చప్పుడు ఆగితే చాలనుకున్నాను.”

“దీనివల్లేనా అక్కా ఇదంతా?”

“అంతా దీనివల్లే అనను. వయసు ఉంది, ఆపరేషన్ ఉంది, నొప్పి ఉంది, చోటు కొత్త. కానీ చుట్టూ నోళ్లు కదులుతూ ఒక్క ముక్కా వినపడకపోతే నాకైనా మతి పోతుంది. ఆ మందు కేకలు ఆపుతుంది. భయం లోపల ఎక్కడిదక్కడే ఉంటుంది.”

“మళ్లీ మామూలవుతుందా?”

“చాలామంది అవుతారు. రోజులు పట్టొచ్చు. తప్పకుండా అవుతుందని మాత్రం చెప్పలేను. ముందు డాక్టరుగారికి ఈ సంగతి తెలియాలి.”

“మీరు చెప్తారా?”

“నేను ఇచ్చిన మందు సంగతి నేను చెప్పుకుంటాను. బాక్సు సంగతి నువ్వు చెప్పు.”

“నాన్న ఉంటారక్కా.”

“ఉంటారు.”

“నాన్న నన్ను కొట్టరు. తిట్టరు కూడా. ఊరికే చూస్తారు. అదే... అక్కా, దిండు గలీబులో దొరికిందని చెప్దామా? పోయిందన్నది నాన్నే కదా. అందరికీ బాగుంటుంది.”

“బాగుంటుంది. మీ నానమ్మకి తప్ప. వస్తువు ఎక్కడ పెట్టిందో తెలియని మనిషి అని ఈ కాగితంలో ఉండిపోతుంది. రేపెప్పుడైనా మళ్లీ ఆసుపత్రికి వస్తే ముందు చదివేది అదే. అప్పుడిక ఆవిడ ఏం చెప్పినా ఎవరూ వినరు. టైం మూడూ యాభై అయింది.”

“చెప్తాను.”

“ఎవరికి?”

“ఇద్దరికీ.”

“సరే. కాగితంలో సూది మాటా, పోగొట్టుకుందన్న మాటా కొట్టేస్తున్నాను. ఇలా రా, నువ్వే పెట్టు. ముందు ఆ బుల్లి తలుపు మూయి. చెవి దగ్గరికి వంగు. నెమ్మది, మళ్లీ ఉలిక్కిపడుతుంది.”

“నానమ్మా. నానమ్మా, నేనే. అక్కా, ఇంకా పెట్టనేలేదు, నా చేయి పట్టుకుంది.”

“పట్టుకోనీ. పొద్దుటి మందు దిగుతున్నట్టుంది. ఏదో అంటోంది, విను.”

“నర్సమ్మా... నర్సమ్మవేనా?”

“కాదు నానమ్మా, నేను...”

“వినపడట్లేదు తల్లీ. ఇంకా దగ్గరికి రా, ఒక మాట. నా చెవి మిషన్ పోయింది. దిండు కింద చూశాను... దుప్పట్లో చూశాను. నీకు దొరికితే మెల్లగా నా చేతిలో పెట్టు. మా పిచ్చుకకి మాత్రం చెప్పకు. దానికి పరీక్షలు. తెలిసిందంటే పుస్తకం పక్కన పడేసి వెతుకుతూ కూర్చుంటుంది.”