నాంచారమ్మ గొంతూ, ఏడు కన్నాల పెట్టే

పోలయ్య మాట బాతులు వినేవి కాదంట. మంద అతనిది, కర్ర అతనిది, మందని ఊరూరా మోసే ట్రాలీ ఆటో అతనిది, దాని వెనకాల "పోలయ్య బాతులు" అని ఎర్ర రంగుతో రాయించుకుందీ అతనే. కానీ బాతులు మాత్రం వాళ్లావిడ నాంచారమ్మవే అనుకో. మన కొల్లేరు పక్క కోతలయ్యాక రాలిన గింజలూ నత్తలూ తినడానికి చేలల్లోకి బాతుల్ని వదులుతారు గదా. పొద్దున్నే వదలడం ఎవడైనా వదులుతాడు, సాయంత్రం మళ్లీ వల దడిలోకి తోలుకు రావడంలోనే ఉంది పనంతా. పోలయ్య గట్టు మీద నిలబడి గొంతు చించుకున్నా ఒక్క బాతు తల తిప్పేది కాదంట. నాంచారమ్మ వచ్చి, కొంగు నడుం చుట్టూ బిగించి, "ఓ...య్, బాబాబాబా, రండమ్మా రండి" అనేసరికి చేను చేనంతా కదిలి ఊగుకుంటూ వచ్చేసేది. పోలయ్య మందకి ముందు నడిచే బాతుని చూసి, "ఏమే, నూకలు కొనేది నేను గదే" అనేవాడంట. అది విననట్టే నడిచి పోయేదంట. నవ్వకండ్రా, మీ ఇళ్లల్లో మీ మాట ఎవరు వింటున్నారేం?

ఇలా ఉండగా ఏమైందంటే, మంచు పడి నాంచారమ్మకి గొంతు పట్టేసింది. మాట రాదు. అంతకుముందు ఎప్పుడో ఆవిడ బాతుల్ని పిలుస్తుంటే పోలయ్య సరదాకి ఫోన్లో పట్టాడు గదా, ఆ పిలుపు పెట్టి చూశాడు. బాతులు తలలెత్తాయంట! కానీ ఫోను గొంతు ఎంత దూరం పోద్ది? అందుకని నాంచారమ్మని కూడా ఎక్కించుకుని మన రోడ్డు మీద వెల్డింగు షాపు మస్తాను దగ్గరికి పోయాడు. మస్తాను ఆటో టాపు మీద ఒక మైకు డబ్బా బిగించి, "మావా, ఇది రోజంతా అరవాలంటే కరెంటు తాగుద్ది, నీ ఫోనూ తాగుద్ది, లైట్లూ తాగుతాయి, వాటన్నిటికీ ఒక్కటే గిన్నె పెడతా" అని సీటు వెనకాల ఒక ఇనప పెట్టె బోల్టులతో దింపాడు. హబ్బు అంటారు దాన్ని. ఒక పక్క బ్యాటరీ వైరు వచ్చి చేరుద్ది, ఇంకో పక్క వరసగా ఏడు కన్నాలు, కన్నం కన్నానికీ పైన చిన్న పచ్చ లైటు. ఫోను ఛార్జింగు వైరు పడుద్దే, ఆ కన్నాలు. "ఇళ్లల్లో వాడే ప్లాస్టిక్ బాపతు కాదు మావా. ఫ్యాక్టరీల్లో పెట్టేది. ఎండకి కరగదు, కుదుపుకి ఊడదు, దుమ్ముకి దగ్గదు. నువ్వు చెడగొడదామన్నా చెడదు" అన్నాడు మస్తాను. ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది అనుకో.

నిజంగానే గట్టిది అది. లంక దారిలో ఆటో ఎగిరెగిరి పడి సీటు ఊడింది గానీ పెట్టె ఊడలేదు. బురద పడింది, బాతులు దాని మీద చెయ్యాల్సిందంతా చేశాయి, తుడిస్తే మళ్లీ పచ్చగా వెలిగేది. కాస్త వెచ్చగా ఉంటదని ఒక బాతైతే రోజూ దాని మీదే గుడ్డు పెట్టేదంట. ఇవన్నీ చూసి పోలయ్యకి ఛాతీ పొంగింది. ఆవిడ గొంతు బాగయ్యాక కూడా పిలవనివ్వడే! తను సీటులో కాలు మీద కాలేసుకుని, ఫోను మీద వేలు పెట్టడం, మైకులో నాంచారమ్మ పిలవడం, బాతులు రావడం. ఒకరోజు నాంచారమ్మ, "ఏవయ్యో, నేనుండగా ఆ డబ్బా ఎందుకు" అంది. దానికి పోలయ్య ఏమన్నాడో తెలుసా? "ఇంక నువ్వుంటే ఎంత, లేకపోతే ఎంతే. నీ గొంతు నా దగ్గరుంది" అన్నాడంట. అనవచ్చునా ఆ మాట? నాంచారమ్మ రెండు చీరలు మూట కట్టుకుని కాలవ అవతల చినగరువులో పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్లిన మర్నాడు ఫోనుకి ఒక వాయిసు మెసేజి పంపింది. పోలయ్య మొదటి రెండు మాటలు విని, గబుక్కున ఆపేసి, చుట్టూ ఎవరూ లేరు గదా అని చూసుకుని ఫోను జేబులో పెట్టేశాడు.

పెట్టేసి ఊరుకున్నాడా? రోషం. మందని ఎత్తుకెళ్లి సరిగ్గా చినగరువుకి ఎదురుగా, కాలవకి ఇవతల, రామభద్రరాజు గారి కోసిన చేలో దింపాడు. మా ఆవిడ కాలవ గట్టు మీదకి నీళ్లకొచ్చినప్పుడు చూడాలి, తను లేకపోయినా మంద ఎంత చక్కగా నడుస్తోందో అని. దారిలో మస్తాను దగ్గర ఆగి, "ఒకేళ ఫోను చచ్చిపోతే పని ఆగకూడదు గదా అల్లుడూ, దాని గొంతు ఆ మైకులోకే ఎక్కించెయ్" అన్నాడు. మస్తాను ఫోను తీసుకుని, నాంచారమ్మ గొంతు ఉన్నవన్నీ ఒక కార్డులోకి దింపి మైకు డబ్బాలో దూర్చాడు. "కొత్తది ముందు పలుకుద్ది మావా, తర్వాత పాతది" అని చెప్పాడు కూడా. పోలయ్య విన్నాడా? బుర్ర చినగరువు గట్టు మీదుంది, ఏం వింటాడు.

ఇప్పుడు అసలు సంగతికొస్తున్నా. కొత్త చేలో మంద దింపిన రోజు బాతులవాళ్లు పూజ చేసుకుంటారు. తాటాకు కింద మూడు రాళ్లు నిలబెట్టి, కర్రకీ, వలకీ, ముందు నడిచే బాతు నెత్తికీ కూడా పసుపు రాసి బొట్టు పెడతారు. ఎప్పుడూ చేసేది నాంచారమ్మ. ఆవిడ లేదు గదా, పసుపు డబ్బా మాత్రం మర్చిపోయి వెళ్లింది. పోలయ్యే చేశాడు. అన్నిటికీ రాస్తూ రాస్తూ ఆటో దగ్గరికొచ్చి ఆ పెట్టె చూసి ఆగిపోయాడంట. ఏడు కన్నాలు. వరసగా ఏడు. "ఏడుగురు అక్కచెల్లెళ్లు!" అన్నాడు. మన అమ్మవార్లు ఏడుగురు గదమ్మా. ఇన్నాళ్లూ తన పనంతా నడిపిస్తున్నది ఎవరో అప్పుడు తెలిసిందంట అతనికి. పక్కన బ్యాటరీ వైరు బిగించే చోటు ఒంటరిగా ఉంటే, ఇంకెవరు, వాళ్ల తమ్ముడు పోతురాజే అన్నాడు. కన్నాల్లో ఉన్న ఫోను వైరూ మైకు వైరూ పీకేసి, పసుపు ముద్ద కలిపి, వేలితో ఒక్కో కన్నంలో నిండా కూరాడు. పైన కుంకుమ. ఏ అమ్మవారికీ తక్కువైందనిపించకూడదని ఒక్కో కన్నానికి రెండేసి సార్లు కూరాడు. ఆఖరి దాంట్లో మాత్రం సీటు దగ్గర తగిలించుకున్న చిన్న ఫ్యాను వైరుంది. అది తీస్తే తనకి గాలి ఆగిపోద్ది, ఉక్కగా ఉంది, అందుకని ఆ ఏడో తల్లికి ఫ్యాను వైరు మీదే ఒక బొట్టు పెట్టి, "నువ్వు చిన్నదానివి, సర్దుకోమ్మా" అన్నాడు. అంతలో ఏమైందంటే, పచ్చగా ఉన్న లైట్లు ఆరూ ఒక్కసారిగా ఎర్రగా అయిపోయాయి. తడి తగిలి ఆ పెట్టె తన జాగ్రత్త తను చూసుకుని ఆ కన్నాలకి కరెంటు ఆపేసుకుందన్నమాట. పోలయ్యకి ఒళ్లు జలదరించింది. "తల్లులు కళ్లు తెరిచారు" అని అక్కడే బురదలో సాగిలపడ్డాడు.

ఫోనులో, మైకులో మిగిలిన ఛార్జింగుతో మధ్యాహ్నం దాకా బాగానే గడిచింది. భోజనం చేసి తువ్వాలు నెత్తికేసుకుని ఒక కునుకు తీశాడు. లేచేసరికి చేలో బాతు లేదు! గట్టు ఎక్కి చూస్తే ఏముంది, మందంతా నీళ్లు పారే బోదె కాలవ దాటి పక్క చేను వైపు బారులు తీరి పోతోంది. పక్క చేను ఏమిటనుకున్నారు? రాజుగారిదే, పొద్దునే నాట్లు ఊడ్చిన దాళ్వా, అదే రెండో పంట. నాటిన మొక్క ఇంకా వేరు పట్టలేదు. బాతు దిగిందంటే ఇంక అది చేను కాదు, చెరువే. పోలయ్య ఫోను తీశాడు, నల్లగా ఉంది. మైకు నొక్కాడు, కుయ్యిమని పోయింది. వైరు తెచ్చి పెట్టెలో గుచ్చబోతే దిగదు. పసుపు ఎండి పిడకలాగా ఉంది. ఇంకో కన్నం, దిగదు. ఇంకోటి. "అమ్మా, కాస్త తప్పుకో తల్లీ" అని బతిమాలుతున్నాడంట. సొంత గొంతుతో "బాబాబాబా" అని అరిచాడు. ముందు బాతు, నెత్తిన పసుపుతో పేరంటాలు లాగుంది, ఒకసారి వెనక్కి చూసి మళ్లీ నడిచింది. అప్పుడే రాజుగారు గట్టు మీద ప్రత్యక్షం. పంచె ఎగ్గట్టి, "ఒరేయ్ పోలాయ్! ఒక్క బాతు నా ఊడుపులో కాలెట్టిందంటే మంద మొత్తం బందెలదొడ్డికి తోలిస్తాను. ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ నీకు చేను దొరకదు, ఏమనుకున్నావో!" అన్నారు. "ఆయ్, పిలుస్తున్నానండి, వచ్చేత్తాయండి, ఆయ్" అంటాడు పోలయ్య. మంద పోయిందంటే ఇంకేముంది, నాంచారమ్మ ముందుకి ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

అప్పుడు మొహానికి చల్లగాలి తగిలిందంట. ఫ్యాను! అది తిరుగుతూనే ఉంది. ఏడో లైటు పచ్చగానే ఉంది. పోలయ్య ఫ్యాను వైరు పీకి మైకు వైరు అందులో గుచ్చాడు. ఫోను లేదు గదా, దొరికిన మీటల్లా నొక్కాడు. మైకు ఒకసారి గరగరలాడింది, ఆ తర్వాత నాంచారమ్మ వచ్చింది. ఏ నాంచారమ్మ అనుకున్నారు? కొత్తది. "ఏవయ్యో! నిన్నే! నా గొంతు నీ దగ్గరుంది గదా, అయితే ఇది కూడా ఉంచుకో! ఆ డబ్బానే చారు కాయమను! ఆ డబ్బానే నీ బనీను ఉతకమను! తిన్న కంచం తియ్యవు, తడి తువ్వాలు మంచం మీదేస్తావు, రాత్రంతా బాతులకి పోటీగా గురక పెడతావు, పొద్దున లేచి మళ్లీ నాకే నిద్ర పట్టలేదంటావు! మంద నడుపుతాడంట మంద! లుంగీ కుదురుగా నిలుపుకో ముందు!" చేలన్నీ మారుమోగిపోయాయి. ఇవతల ఊరు విన్నది, అవతల చినగరువూ విన్నది, ఊడ్చి గట్టెక్కిన ఆడవాళ్లు నోటికి కొంగులడ్డం పెట్టుకున్నారు. పోలయ్య ఆపుదామని మళ్లీ మీట నొక్కితే మళ్లీ మొదట్నించీ మొదలైంది. "ఏవయ్యో! నిన్నే!" ఇంతలో రాజుగారు, "ఒరేయ్, ఆపకు, ఆపకు! అటు చూడు!" అన్నారు. ముందు బాతు గట్టు మీదే నిలబడిపోయింది. మెడ సాచింది. గిర్రున వెనక్కి తిరిగింది. వాటికి మాటలతో పనేంటి, గొంతు నాంచారమ్మది. నడక కూడా కాదు, పరుగు. రెక్కలు కొట్టుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఎప్పుడూ రానంత జోరుగా వచ్చి ఆటో చుట్టూ మూగి, "లుంగీ కుదురుగా నిలుపుకో" అన్న చోట అన్నీ కలిసి గోలగా అరిచాయంట. పోలయ్య చెయ్యి తెలీకుండానే లుంగీ మీదకి పోయింది. రాజుగారు గట్టు మీద కూలబడి, కళ్లు తుడుచుకుని, "పోలాయ్, ఇంతకీ ఆ తిట్లు బాతులకా, నీకా?" అన్నారు. "ఇద్దరికీనండి, ఆయ్" అన్నాడు పోలయ్య.

తాటిపట్టె వంతెన మీద నించి నాంచారమ్మ వచ్చేసింది. మొహం ఎర్రగా ఉంది. "ఊరందరికీ నా తిట్లు వినిపిస్తావా? మా వదిన నవ్వలేక చచ్చింది!" అంటూ వచ్చి, పెట్టె చూసి, ఆగి, వంగి, మళ్లీ చూసింది. "ఇదేంటి?" "పూజ చేశానే." "ఎక్కడ చేశావు?" "ఏడుగురు గదా అని..." నాంచారమ్మ తల పట్టుకుంది. "ఏవయ్యా, అమ్మవారికి నుదుటి మీద బొట్టు పెడతారు గానీ నోట్లో పసుపు కుక్కుతారా! ఇంకేం పలుకుద్ది తల్లి?" అంది. మస్తాను పెట్టె బిగించేటప్పుడు అన్నీ చూసింది ఆవిడే గదా, ముందు బ్యాటరీ వైరు తీయించింది. గాజులకి తగిలించుకున్న పిన్నీసు తీసి, ఒక్కో కన్నమూ పొడి పొడిగా గీకి, ఉఫ్ ఉఫ్ అని ఊది, ఎండలో ఆరబెట్టించి, పొద్దు వాలేవేళ వైరు కలిపింది. ఒక్కొక్క లైటే పచ్చబడింది. ఆవిడ వంగి ఆఖరి లైటు చూస్తుంటే పోలయ్య మెల్లిగా, "నాంచారీ, నీ గొంతు ఉంటే చాలదే. నువ్వుండాలి" అన్నాడంట. ఆవిడ తలెత్తకుండానే, "ముందు ఆ తువ్వాలు తీసి దండెం మీదెయ్యి" అంది.

ఆ పెట్టె ఇప్పటికీ ఉంది, కావాలంటే చూసి రండి. వానలో తడిసింది, కాలవలో మునిగింది, లారీ గుద్దినా చెక్కు చెదరలేదు. మస్తాను అన్నమాట నిజమే, దానికి లోకంలో దేనితోనూ బెంగలేదు, ఒక్క పోలయ్య భక్తితో తప్ప. ఇప్పుడు పూజప్పుడు మూత మీద చిటికెడు బొట్టు, అంతే, అదీ నాంచారమ్మే పెడుద్ది. కాకపోతే ఒక చిక్కు మిగిలిపోయింది అనుకో. ఆ రోజు నించి బాతులు మెత్తటి పిలుపుకి రావట్లేదంట. "రండమ్మా రండి" అంటే తల కూడా ఎత్తవు. నాంచారమ్మకి ఇష్టం లేకపోయినా సాయంత్రమయ్యేసరికి ఆ తిట్లే పెట్టాలి. పెడితే చాలు, "ఏవయ్యో! నిన్నే!" అని మైకు అనేసరికి చేనంతా పరుగెత్తుకొస్తది. ఆ వచ్చేవాటిలో అందరికంటే ముందుండేది ఎవరో చెప్పనా? దానికి నెత్తిన పసుపు ఉండదు. లుంగీ ఉంటది.