ముప్పై తొమ్మిది కొరడా దెబ్బలు

నిరుడు ఏప్రిల్ పద్దెనిమిది, గుడ్ ఫ్రైడే. మధ్యాహ్నం వరంగల్‌లోని మా చర్చిలో అందరం గంజి, మామిడికాయ తొక్కు తిన్నాం. సాయంత్రం సిలువ నాటకానికి ముందు, స్టేజీ పనులు చూసే దాసు సారు లిస్టు పట్టుకొని, సైనికుడి వేషంలో ఉన్న స్టీవెన్ దగ్గర ఆగాడు.

"డాలు?"

"ఉంది సారు."

"కొరడా? గుడ్డదేనా?"

"గుడ్డదే."

"ఏదీ, ఇటియ్యి. అరె, లోపల ఇనుప తీగ చుట్టినవేందిరా! ముప్పై తొమ్మిది దెబ్బలు. మనిషి తోలు ఊడొస్తది."

"రానియ్యి. యేసు వేషం మా బావదే గద. రంగు గాదు, అసలు నెత్తురే కారాలె. అక్క చెయ్యి విరగ్గొట్టిండు సారు. కట్టుతోనే ముందట కూసున్నది, చూడు."

"మెట్ల మీద పడ్డదన్నరు గదరా?"

"మెట్లు కడుపుల తన్నవు సారు."

పెన్ను గట్టిగా గీసిన చప్పుడు.

"ఏం కొట్టేసిండ్రు?"

"మీ బావ పేరు. ఆయనకు ఆ వేషం ఇచ్చింది నేనే. ఇగ నేనే ఏస్త."

"మీకు అరవై ఏడేండ్లు!"

"గడ్డం తెల్లగున్నది గంతే, రంగేస్తరు. నన్ను గూడ గదే కొరడాతోని కొడ్తవా? నీ ఇష్టం."

దాసు సారు కొరడాను స్టీవెన్ చేతికి తిరిగిచ్చాడు.

"సారు, కటింగ్ ప్లేయరు ఏడున్నది?"

"లైట్ల డబ్బల."

దాసు సారు మేకప్ గదిలోకి వెళ్లి, స్టీవెన్ బావను బయటికి పంపి, తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నాడు.