చేతికియ్యని అడకత్తెర

అత్త పోయినాక వాటాల దగ్గర మాటామాటా పెరిగి, సూళ్లూరుపేటలోని ఆ ఇంటి వాకిలికి అడ్డంగా తడిక లేచింది. అప్పటినుంచీ తోడికోడళ్లకు మాటల్లేవు. ఈ పొద్దు పెద్దామె తడిక దాటి గుమ్మంలోకి వచ్చి నిలబడేసరికి చిన్నామె చేతిలో పని వదిలేసి లేచింది.

“అత్త అడకత్తెర నీ వాటాకే వచ్చింది గదా. వక్కలు కత్తిరించుకోని సాయంత్రానికి ఇచ్చేస్తా.”

“అన్ని వక్కలెందుకక్కా?”

“రేపు పాపకు తాంబూలాలు. పొద్దున బండికి మద్రాసునించి మొగపెళ్లోళ్లు వస్తా ఉండారు.”

“నా చంకలో పెరిగిన బిడ్డ. నాకు చెప్పనే లేదే!”

“చెప్పాలంటే మాటలుండాల గదా.”

చిన్నామె లోపలికి పోయి, అడకత్తెరను కొంగుతో తుడిచి తెచ్చి, చెయ్యి చాచింది.

“కింద పెట్టు, తీసుకుంటా.”

“చేతికే తీసుకో అక్కా.”

“అత్త చెప్పింది మర్చిపోయినావా? అడకత్తెర చేతికిస్తే పోట్లాట వస్తుంది.”

“రానీ అక్కా. పోట్లాడాలన్నా నువ్వు నాతో మాట్లాడాల గదా.”