పోగులు అతికే కన్ను

హలో… ఆ, నేనే బావా, హిందూపురం నుంచి. రంగప్ప అంగడికి నిన్ను పిలిపించింది నేనే… బాగుండా. నిన్న నీ చెల్లెలి మాసికం అయిపోయింది. వచ్చినోళ్ళంతా పోయినారు. నీ కూతురు ఒక్కటే నిలిచింది.

లేదు, గౌరిని ఈ పొద్దు పంపించను… పెండ్లిచీర మగ్గం మీద ఆగిపోయిందా? ఆగనీ… విను బావా. దాని ఎడమకంట్లో నల్లతెర దిగుతాండాది.

గాలి కాదు… దిష్టి అసలే కాదు. నిమ్మకాయ ఖర్చు మిగుల్చుకో.

డాక్టరుకు చూపించినా. గౌరికి ఉండేది హ్రస్వదృష్టి అంట, తెర దిగేది దాని వల్లనే అంట. దగ్గరిది కనపడుతుంది, దూరంది అలికేసినట్టు ఉంటాది… ఏమి, డేగకన్నా? డేగ ఆకాశంలో నుంచి కోడిపిల్లను చూస్తాది బావా. నీ కూతురు వాకిట్లో నిలబడిన నన్ను చూసి, 'ఎవరు కావాల' అని అడిగింది.

తెలుసు, పోగులు అతుకుతాది. పాత పడుగు కొసకు కొత్త పోగు, వెంట్రుక కన్నా సన్నంది, తప్పు లేకుండా మెలేస్తాది… నేనూ అదే చెప్తాండా. ముక్కుకు ఆనించుకుంటేనే కనపడే కన్ను కాబట్టి అతికింది. జబ్బుకు పనితనమని పేరుపెట్టి ధర్మవరమంతా చాటుకుంటిరి.

అద్దాలు పెడితే కన్ను పాడవుతుందని ఎవరు చెప్పింది?… మీ పెద్దప్పా. ఆయన ఏ ఆసుపత్రిలో చదివినాడు?… నేను కొనిచ్చిన అద్దాలు పెట్టెలో దాచినారంట కదా. మంచి పని. పెట్టెకు బాగా కనపడుతుంటాది.

లేదు, అద్దాలతోనే అంతా తీరదు. అవి చూపును సరిచేస్తాయి, కంటిని కాదు. ఇట్లాంటి కంట్లో గుడ్డు పొడుగ్గా సాగుతుందంట. సాగేకొద్దీ వెనక పొర పల్చబడుతుంది. పట్టుబట్టను గుంజితే ఏమవుతుందో నాకన్నా నీకే తెలుసు… ఆ, చిరుగుతుంది. ముందు మెరుపులు, నల్లచుక్కలు. తర్వాత పొర ఊడొస్తే తెర… నొప్పి ఉండదు. అందుకే ఎవరూ నమ్మరు.

నీ చెల్లెలికా?… ఆమెకూ ఇదే. పట్టపగలు, 'దీపం ఎందుకు ఆర్పినారు' అని అడిగింది.

… ఆ మాట ఇప్పుడు వద్దు.

స్కూలుకు సెలవు పెట్టినా. సాయంత్రం రైలుకు బెంగళూరు పోతాండాం. ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేస్తే కన్ను దక్కొచ్చని డాక్టరు అన్నాడు… నిన్ను అడగడం లేదు బావా, చెప్తాండా.

ఏమన్నావు? చుక్కలు అందరికీ ఉంటాయా?… ఎవరు చెప్పినారు నీకు?… బావా, నీకుండాయా?

ఎప్పటి నుంచి?…

… అందుకేనా పోగుల పని దానికి అప్పగించింది.

ఏ కంట్లో?… సరే. కుడికన్ను చేత్తో మూసుకో. మూసినావా? ఎదురుగా ఎవరుండారు?… రంగప్పనా. ముఖమంతా కనపడుతుందా?… మీసం, ముక్కు. ఆపైన?…

నుదురు యాడికి పోయింది బావా?

… లేదు. నవ్వడం లేదు.

సాయంత్రం రైలు మీ ఊరి మీదనే కదా వచ్చేది. నువ్వు ఆడ ఎక్కు, పెనుకొండ దాటినాక ఈడ మేము ఎక్కుతాం… చీర అట్లనే ఉండనీ… పెండ్లోళ్ళకు నేను జవాబు చెప్తా… సంచి కూడా నువ్వు మోయొద్దు. ఫోను రంగప్పకియ్యి… ఇయ్యి బావా.

రంగప్పా, నేను నరసింహులు అయివారిని. మా బావను స్టేషన్ దాకా చెయ్యి పట్టుకొని తీసుకపోవాల… వద్దంటాడు. అయినా పట్టుకో… ఆ. మెట్లు వచ్చినప్పుడు ముందుగా చెప్పు.

ఉంటా.