తాయమ్మ కుండ కింది ఇసక

ఏయ్ భారతీ, ఆగు మే! ఆ కుండ కింద ఇసక ఊడ్సొద్దు. నాచు పట్టినాదంటావా? పట్టనీలే. అది నా ఇసక కాదు, తాయమ్మది. మా పక్కింటి తాయమ్మ, నువ్వు పుట్టకముందే పోయినాదిలే. ఆ ఇల్లు కూలగొడతాంటే ఈ మట్టి తొట్టి ఇసకతో సహా నేనే తెచ్చుకున్నా. కూసో, కసువు యాడికీ పోదు. తాయమ్మంటే మా వీధిలో పేరే నీళ్ల పిసినారి. ఎంగిలి చేత్తో కాకిని తోలదంటారు సూడు, ఆ రకం. మన ఆదోనిలో నీళ్లు ఎప్పుడు ఇడుస్తారో ఆ అల్లాకే ఎరుక, అందరమూ సూసుకోనే వాడతాము. కానీ ఆ యమ్మ యవ్వారమే వేరే. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు, గిన్నెలు కడిగిన నీళ్లతో బండలు. రంజాన్ల ఒకసారి, రోజా ఉపాసం ఇడిసే యాళకు మా ఇంట్లో సుక్క లేదు. సెంబు పట్టుకోని పోయినా. "జమ్రుదూ, పానం అడుగు, నీళ్లు మాత్రం అడగద్దు" అనె. తమాషాకి కాదు మే, మొగం మీదనే తలుపు ఏసుకున్నాది! నేనేం తక్కువదాన్నా, ఆ పొద్దునుంచి మాటలు బంద్.

యాడిదాకా వచ్చినా? ఆఁ, బసప్ప. ఆ యమ్మ తమ్ముడు, లారీ డ్రైవరు. శివమొగ్గ అవతల అడివి సీమకు పోయి వస్తా అక్కకని అరటి పిలక తెచ్చినాడు, గోతంలో తడిమట్టితో. నడి ఎండాకాలం. బండ మీద దులిపితే మట్టిలోనుంచి మూరెడు పురుగు! పాము మాదిరి ఉంటాది, పాము కాదు. పొలుసు లేదు, ఒళ్లంతా ఉంగరాలు ఉంగరాలు, నల్లగా నున్నగా, పక్కన పసుపు గీత. కండ్లు సూదిమొనంత. బసప్ప సెప్పు ఎత్తినాడు. కాలే బండ మీద అది నోరు తెరుస్తాది, మూస్తాది. తాయమ్మ సెయ్యి అడ్డం పెట్టె. "కొట్టద్దురా, దప్పికరా దానికి" అనె. గోడ మీదనుంచి సూస్తాండా నేను. నగు వచ్చినాది నాకు, మనిషికి దప్పికైతే తలుపేసే మనిషి ఇది! తీసకపోయి కుండ కింద తొట్టి ఇసకలో పెట్టె. బడిలో సైన్సు సెప్పే ఆంజనేయులు సారు వచ్చి సూసి, "ఇది కప్పకు సుట్టం తాయమ్మా, కాళ్లు లేని కప్ప. మట్టిలోనే బతుకుతాది, ఒళ్లు ఆరితే సచ్చిపోతాది" అనె. బసప్ప మళ్లా ఆ అడివి సీమకు లారీ తీసేదాకా దాన్ని బతికించాలని ఆ యమ్మ పట్టు. సెంబు మీద సెంబు ఇసకలోకే. తాను నీళ్లు పోసుకునేది మానేసె మే!

సరిగ్గా అప్పుడే కొళాయి బంద్ అయిపాయ. యాడో పైపు పగిలినాదంట. ఒకనాడు తలుపు తీస్తే వాకిట్లో తాయమ్మ, సేతిలో సెంబు. తల ఎత్తకుండా, "సగం సెంబు సాలు జమ్రుదూ, నాకు కాదు" అనె. అనాల్సినవన్నీ నాలిక మీదికి వచ్చె. కానీ ఆ పెదాలు సూసినా, పగిలి నెత్తురు. తాను తాగే నీళ్లు గూడా దానికే పోసినాది, పిచ్చిది. నిండా పోసినా. ఒక గుక్క తాగి పో అని తిట్టినా. తాగలే, బిరబిరా పాయ. బసప్ప లారీ కదిలిన దినం ఎవురి మాటా ఇనలే, తొట్టి ఒళ్లో పెట్టుకోని తానే ఎక్కె. బళ్లారి దాటి ఎరగదు పాపం. ఆడ తోట గట్టున ఇడిస్తే అది రవ్వంత సేపట్లో మట్టిలోకి దూరిపాయనంట. పక్కనే రాళ్ల సందులోనుంచి నీళ్లు, పట్టేవాళ్లు లేక దారెంబడి ఊరికే పారతాండాయంట. "ఎవురురా ఈ కొళాయి ఇడిసిపెట్టింది, వాళ్ల ఇల్లు గుల్లగాను!" అని అరిసి, సెయ్యి అడ్డం పెట్టినాదంట. ఆగుతాయా? ఆడే కూసోని ఏడ్సినాదంట. వచ్చినంక మారినాదా అంటావా? యాడ మారేది. మాకు సుక్క ఇయ్యలే. కానీ నీళ్లు వచ్చిన దినమల్లా ఆ ఉత్త ఇసకలో ఒక సెంబు. "ఏముందక్కా ఆడ?" అంటే "నీకెందుకు?" అనేది. పానం పోయే దినం మాట పడిపోయినాది. సుట్టాలు నోట్లో నీళ్లు పోస్తాంటే పండ్లు గిట్టకరిసి, నా కొంగు పట్టుకోని ఆ మూల సూపిస్తాది. ఎవురికీ తెలీలే, నాకు తెలిసె. పోయి ఇసకలో సెంబుడు పోసి వచ్చినా. అప్పుడు తెరిసినాది మే నోరు. ఒక గుక్క... అద్దో, కొళాయి సప్పుడు! లెయ్, బిందె పెట్టు. ఊహూఁ, మొదటి సెంబు బిందెలోకి కాదు.