పానాలకి పరుపులు

షెడ్డులో పనిముట్ల పెట్టె సొరుగు లాగి చూసి, ముసలి మెకానిక్ ముక్కున వేలేసుకున్నాడు. పక్కనే కోడలు గ్రీజు చేతులు తుడుచుకుంటోంది.

"ఏమ్మా, ఇది మెకానిక్ షెడ్డా, గాజుల కొట్టా?"

"రబ్బరు పరుపు తెచ్చి, ఒక్కోదానికి దాని ఆకారంలో గుంట కోశాను మామయ్యా. పై సొరుగులో సాకెట్లు, కింద పానాలు. చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరసగా."

"పానాలకి పరుపులా! దిండ్లు కూడా కుట్టించలేకపోయావా, పాపం వాటికి మెడలు పట్టేస్తాయేమో."

"ఏది లేకపోయినా చూడగానే తెలుస్తుందని."

"నా డబ్బాలో నలభై ఏళ్లుగా అన్నీ కుప్పగానే ఉన్నాయి. చెయ్యి పెడితే కావాల్సింది వేలికి తగులుతుంది. బొమ్మరిళ్లు సర్దుకునేవాళ్లకి అదేం తెలుస్తుందిలే."

"పదమూడో నంబరు సాకెట్ గుంట ఖాళీగా ఉంది మామయ్యా."

"ఉంటే ఏం? ఎక్కడో దొర్లుంటుంది."

"పొద్దున బడి బస్సు ఇంజను బిగించేటప్పుడు మీ చేతికిచ్చాను. తిరిగి రాలేదు."

మామగారు జేబులు రెండూ తడుముకున్నాడు.

"బస్సు వెళ్లిపోయిందిగా. ఎక్కడుందిప్పుడు?"

"బడి దగ్గరే ఆపించాను. పిల్లల్ని ఎక్కించొద్దని డ్రైవరుకి ఫోన్ చేశాను. సాకెట్ ఇంజను ఫ్యాను పక్కనే ఇరుక్కుని ఉందట. తీశాడు."

మామగారు ఆ ఖాళీ గుంటలో వేలు పెట్టి చూశాడు.

"మరీ ఇరుగ్గా కోశావు. మగాడి వేళ్లు దూరొద్దూ? ఆ మాత్రం తెలీదు."

"వెడల్పు చేస్తాను మామయ్యా."

"చెయ్యి. నా డబ్బాలోవాటికి కూడా కొయ్యి."