ఫ్లెక్సీ కోటన్నయ్య పరిచిన చాపకూడు

పెద్దలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, ముందు వరసలో కూర్చున్న ప్రమీలమ్మ వదినకు, వాళ్ళబ్బాయి ప్రవీణ్‌కు నమస్కారం.

మన త్రికోటేశ్వరరావు గారు పోయారు. నరసరావుపేటలో ఆ పేరు పూర్తిగా చెబితే ఎవరికీ తెలియదు, ఫ్లెక్సీ కోటన్నయ్య అంటే చంటిపిల్లకు కూడా తెలుసు. పోయిన వారం షాపు షట్టర్ ఎత్తుతూ ఎత్తుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. నేను ఝాన్సీలక్ష్మిని. ఆ షాపు పైన లాయరాఫీసు నాది. ఆయనకూ నాకూ చుట్టరికం లేదు. అన్నయ్యా అని పిలిచాను, అన్నయ్యలాగానే నా ప్రాణం తీశాడు.

మైకు పట్టుకోగానే ఏడుపు రావాలి నాకు. అబద్ధమెందుకు, కోపం వస్తోంది. హాలు నిండింది. మెట్ల మీద నిలబడ్డారు. బయట బళ్ళు పెట్టడానికి చోటు లేదు. ఎక్కడున్నారండీ ఇన్నాళ్ళూ మీరంతా? ఆయన ఇంటింటికీ తిరిగి, ఫోను ముందుకు చాచి, ఒక్కసారి చేరండయ్యా, నచ్చకపోతే పొండి అని బతిమాలినప్పుడు ఎక్కడున్నారు?

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఆయన ఫోనులో పెట్టిన ‘చాపకూడు’ గ్రూపు ఇప్పుడు వదిన చేతిలో ఉంది. తీసేద్దామని ప్రవీణ్ అంటున్నాడు. ఉంచాలా తీసేయాలా, సభ అయ్యేలోగా చెప్పమని వదిన నన్నడిగింది. అది నేనొక్కదాన్ని చెప్పే మాట కాదు. అందుకే మీ ముందు పెడుతున్నాను.

ఆ గ్రూపు ఎందుకు పెట్టాడో మీలో సగం మందికి తెలియదు. పోయిన ఎన్నికలప్పుడు మాచర్ల వైపు ఒక ఊళ్ళో, ఊరి పేరు వద్దు, ఫ్లెక్సీ చించారని అన్నదమ్ముల బిడ్డలే కొట్టుకున్నారు. ఒక కుర్రాడికి కన్ను పోయింది. చిరిగిన ఫ్లెక్సీ అన్నయ్య షాపులో ప్రింటయిందే. చించినవాడి ఫ్లెక్సీ కూడా అక్కడ ప్రింటయిందే. ప్రింటు కోసం కూర్చున్నప్పుడు ఆ ఇద్దరూ అదే బెంచీ మీద, పక్కపక్కనే కూర్చుని టీ తాగారు. ఆస్పత్రికి వెళ్ళి ఆ కుర్రాణ్ణి చూసొచ్చి, మా ఆఫీసు మెట్ల మీద కూలబడి, ఆయన ఒకటే మాట అన్నాడు. “నా బెంచీ మీద కూర్చోగలిగినోళ్ళు ఊళ్ళోకి పోతే ఎందుకు కూర్చోలేకపోతున్నారమ్మా?” ఆ కేసు నా దగ్గరికే వచ్చింది.

అప్పుడు మొదలుపెట్టాడు. రెండు పార్టీలవాళ్ళూ రాజకీయం మాట్లాడుకునే గ్రూపు. వాట్సాప్‌లో పెట్టమన్నాను, వద్దన్నాడు. వాట్సాప్‌లో నంబరు కనపడుతుంది. మన దగ్గర నంబరు తెలిస్తే ఇంటిపేరు తెలుస్తుంది, ఇంటిపేరు తెలిస్తే కులం తెలుస్తుంది, కులమూ ఊరూ తెలిస్తే పార్టీ తేలిపోతుంది. ఆ తరవాత వాడు రాసింది చదివేదెవరు? అందుకని నంబరు కనపడని టెలిగ్రామ్‌లో పెట్టాడు. మన జనానికి టెలిగ్రామ్ అంటే ఏమిటి? కొత్త సినిమాలు దించుకునేది. సరే, అదీ భరించాం.

పేరు చూడండి మళ్ళీ. చాపకూడు. వెనకటికి మన పల్నాట్లో కులం చూడకుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని తిన్నారని, కారంపూడి వెళ్ళినప్పుడల్లా గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ చాపకూడు. పేరు ఘనమైనదే. కానీ ఆ పేరు చూసి చేరినవాళ్ళు మొట్టమొదట అడిగిందేమిటో తెలుసా? మెనూ! భోజనాలు ఎన్నింటికని ఒకరు, వెజ్జా నాన్‌వెజ్జా అని ఒకరు. నడికుడి నుంచి ఒకాయన పెళ్ళికి బయటి ఊళ్ళకు కూడా వచ్చి చేస్తారా అని అడిగాడు. వంటమేస్త్రీలు చేరి బిర్యానీ గిన్నెల ఫోటోలు పెట్టారు. రాజకీయ చర్చ కోసం గ్రూపు పెడితే మసాలా వాసన వచ్చింది. పేరు మార్చు అన్నయ్యా, చర్చావేదిక అని పెట్టు అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. విన్నాడా? “వేదికంటే ఒకడు పైన, మిగతావోళ్ళు కింద. చాపంటే అందరం కిందే గదమ్మా” అన్నాడు. ఇలాంటి మనిషితో ఎలా వాదించాలి?

అట్లా భోజనాల కోసం పొరపాటున వచ్చినవాళ్ళను కూడా ఆయన వదిలిపెట్టలేదు. బెల్లంకొండ కృపామణి గారు అదుగో, కిటికీ దగ్గర కూర్చున్నారు. కూతురి ఓణీల ఫంక్షన్‌కు వంటలు చెబుదామని చేరింది ఆవిడ. అన్నయ్య ఒక వంటమేస్త్రీ నంబరిచ్చి, ఎట్టాగూ వచ్చారు, కాసేపు కూర్చోండి, మీ ఊరి సంగతులేమిటని అడిగాడు. కాలువ చివరి పొలాలకు నీళ్ళు అందకపోవడం గురించి ఆవిడ రాసింది. ఎంత బాగా రాసిందో! ఏ పార్టీ హయాంలో ఏ తూము పాడైందో, ఎవరొచ్చి చూసిపోయారో, ఎవరు చూడకుండానే పోయారో, అంతా రాసింది. రెండు పార్టీలవాళ్ళూ సర్దుకుని కూర్చున్నట్టే చదివారు. నిజంగా చర్చ నడిచింది. అన్నయ్య మొహం వెలిగిపోయింది. ఇంతలో ఎవరో ఒక మహానుభావుడు అడిగాడు, ఇంతకీ ఈమె ఎవరి తాలూకు అని. అంతే. నీళ్ళు పోయాయి, కాలువ పోయింది, తాలూకు మిగిలింది.

ఎవరి తాలూకు! ఈ ముక్క మన నోళ్ళలోంచి ఎప్పుడు పోతుందండీ? మనిషి చెప్పింది వినకముందే మనిషిని ఎవరి ఖాతాలో వేయాలా అని చూస్తాం. ఆసరికి చెప్పింది చెవిలోంచి జారిపోతుంది.

జనం పెరగాలంటే ఏం చేయాలో ఆయనకు సలహాలకు కొదవ లేదు. బూతులు తిట్టించండి, వారంలో నిండిపోతుంది అన్నారు. రెండు కులాలను కదపండి, తలుపులు విరగ్గొట్టుకుని వస్తారు అన్నారు. నిజమే, వస్తారు. అట్లా వచ్చినవాళ్ళు దేనికొచ్చారో దానికోసమే ఉంటారంటూ ఆ సలహాలకు ఆయన ఒప్పుకోలేదు. ఆయన చేసిన పని ఇంకా ఘోరం. ప్రతి ఫ్లెక్సీ అడుగున షాపు పేరు, నంబరు ఉంటాయి కదా. అవి తీసేసి, ఫోనుతో స్కాన్ చేసే గళ్ళ బొమ్మ వేసి, దాని పక్కన ఒక వాక్యం వేశాడు. ‘ఇది చూసి కోపమొచ్చిందా? చాపకూడుకు రండి, మాట్లాడుకుందాం.’

నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ మీద! శ్రీమన్నారాయణ గారూ, మీరు నవ్వకండి. షాపు మీదికి మీ పార్టీ మనుషులను వేసుకుని వచ్చింది మీరే కదా. మా అన్న ఫ్లెక్సీ చూస్తే ఎవడికి కోపమొస్తుందని అడిగారు. మర్నాడు రెండో పార్టీ నుంచి షాహిద్ వచ్చాడు, మా ఫ్లెక్సీ మీద మీవోళ్ళు వేసిన ఎగతాళేంది ఇది అని. ఇద్దరూ ఆర్డర్లు మానేశారు. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది. ఆ గళ్ళ బొమ్మ మాత్రం పని చేసింది. జనం వచ్చారు. మాట్లాడటానికా? ఆయన్ని తిట్టడానికి! నేను చదవలేక ఫోను పక్కన పడేశాను. ఆయనకు సంబరం. “తిట్టడానికైనా గడప తొక్కారు గదా, కూర్చోబెడదాం” అన్నాడు.

కూర్చోబెట్టడానికి ఒక నియమం పెట్టాడు. అవతలివాణ్ణి ఏమైనా అనవచ్చు. కానీ అనేముందు అవతలివాడి మాట నువ్వు చెప్పాలి. ఎట్లా? వాడు చదివి, ఔను, నేనన్నది ఇదే అని ఒప్పుకునేలా. ఆ తరవాత నీ మాట. వినడానికి ఎంత తేలిక! చేసి చూడండి. మన పల్నాట్లో అది కత్తి మీద సాము. గొంతు పోయేలా అరిచేవాళ్ళు ఒక్క వాక్యం రాయలేక గ్రూపు వదిలి పోయారు. ఎన్నేళ్ళుగానో తిడుతున్నా, ఆ మనిషి ఏమంటున్నాడో మనకు తెలియదని అప్పుడు బయటపడింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతుంటే, ఆ నియమం సడలించు అన్నయ్యా అని మొత్తుకున్నాను. సడలించలేదు. చివరికి నిలబడినవాళ్ళు పిడికెడు మంది. అందులో ఈ శ్రీమన్నారాయణ గారొకరు, ఈ షాహిదొకడు. ఒకరి మాట ఒకరు తప్పుగా రాసి, అట్టా కాదని మళ్ళీ మళ్ళీ రాయించుకుని, ఎట్లాగో ఔననిపించుకున్నారు. ఆ రోజు అన్నయ్య నాకు మిఠాయి తెచ్చిచ్చాడు.

సరే, పేరు చూసి కూడు అడిగారు కదా అని పోయిన వేసవిలో నిజంగానే కూడు పెట్టాడు. ఈ హాల్లోనే. గోడ నుంచి గోడ దాకా పొడుగాటి చాప పరిపించాడు. భోజనాలంటే మాత్రం జనం రాకుండా ఉంటారా? వచ్చారు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ప్రతివాడూ అడిగింది ఒకటే, మనోళ్ళు ఎటు కూర్చున్నారు అని. ఒక పార్టీ తూర్పు కొసన, ఒక పార్టీ పడమటి కొసన. చాప ఒకటే, పంక్తులు రెండు. నడుమ ఇంత ఖాళీ. ఆ ఖాళీలో ఆయన విస్తరేసుకుని ఒక్కడే కూర్చున్నాడు. నాకు కడుపు మండిపోయింది. వెళ్ళి పక్కన కూర్చుని, చూశావా నీ చాపకూడు అన్నాను. ఆయన పప్పు కలుపుకుంటూ, “నడుమ ఖాళీ ఉందంటే ఇంకా చోటున్నట్టే గదమ్మా” అన్నాడు. ఆ జవాబుకు ఆయన్ని కొట్టాలనిపించింది. ఇవాళ మీరు కూర్చున్న తీరు చూస్తే మిమ్మల్ని కొట్టాలనిపిస్తోంది. ఎడమ పక్కంతా ఒకళ్ళు, కుడి పక్కంతా ఒకళ్ళు. సంతాపసభకు వచ్చి కూడా మనోళ్ళు ఎటున్నారని చూసుకునే కూర్చున్నారు.

ఇంకో ముచ్చట. ఆయన పోయాడని తెలియగానే గ్రూపు నిండిపోయింది. బతికినన్నాళ్ళూ కాళ్ళరిగేలా తిరిగినా రాని జనం, ఓం శాంతి అని పెట్టడానికి వచ్చారు. దండాల బొమ్మలు, దీపాల బొమ్మలు. ఆ దండాల కిందనే మొదలైంది. ఈయన మా పార్టీ అభిమాని అని ఒకరు. కాదు, మనసులో మావాడే అని ఇంకొకరు. బయట గేటుకు అటొకటి, ఇటొకటి రెండు ఫ్లెక్సీలు కట్టారు, చూశారా? అన్నయ్య ఫోటో అరచేయంత, నాయకుడి ఫోటో గోడంత. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో పోయినవాళ్ళ ఫోటో కంటే ఎవరి ఫోటో పెద్దగా పెట్టమన్నా పొమ్మనేవాడు ఆయన. ఆయనకే ఈ మర్యాద చేశాం. గ్రూపులో ఆ కొట్లాట ముదిరి ఇంటి ఆడవాళ్ళ దాకా వెళ్ళింది. అందుకే ప్రవీణ్ తీసేద్దామన్నాడు. వాణ్ణి తప్పు పట్టను. కన్నతండ్రి దినాలు కాకముందే ఆ రాతలు చదివిన పిల్లాడు వాడు.

కానీ నాకు బాధగా ఉంది. చానా బాధగా ఉంది. ఆ గ్రూపు తీసేస్తే కృపామణి గారి కాలువ పోతుంది. ఈ ఇద్దరూ కిందా మీదా పడి ఒకరి మాట ఒకరు నేర్చుకున్నది పోతుంది. స్థానిక ఎన్నికలు వస్తున్నాయి. మళ్ళీ ఫ్లెక్సీలు కడతారు, మళ్ళీ ఎవడో చించుతాడు. అప్పుడు ఇంకో కుర్రాడు ఆస్పత్రిలో ఉంటే ఏ మొహం పెట్టుకుని వెళ్ళి చూస్తాం?

శ్రీమన్నారాయణ గారినీ షాహిద్‌నీ నిన్న విడివిడిగా అడిగాను, ఆయన చోట కూర్చుని నడుపుతారా అని. అవతలివాడు ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటానని ఇద్దరూ అన్నారు. ముందు మాత్రం ఇద్దరిలో ఎవరూ అనరు! వాళ్ళనని ఏం లాభం, మనమంతా అంతే కదా.

ఇక నన్ను నిమిషం మౌనం అడగమన్నారు నిర్వాహకులు. ఆయన మిమ్మల్ని మాట్లాడమని బతిమాలుతూ పోయాడు, ఆయన పేరు మీద మిమ్మల్ని నోరు మూసుకోమని అడగాలా నేను? అయినా ఆచారం, అడుగుతాను. అందరూ లేవండి. ఫోన్లు జేబులో పెట్టండి.

మౌనం అయిపోయాక కూర్చోండి అని నేను చెప్పను. గ్రూపు తీసేయాలనుకునేవాళ్ళు కూర్చోండి, అందులో తప్పు లేదు. ఉండాలనుకునేవాళ్ళు నిలబడే ఉండండి. పక్కవాడు కూర్చున్నాడా లేచాడా అని చూడకండి. వదిన ఎదురుగా ఉంది. మీ వైపు తిరిగి చూస్తుంది.